పేరు చెప్పబోయేలోగా వినిపించిన చప్పుడు: భాసుడి గురించి

సంస్కృత నాటకం మొదలుపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. నాంది అయ్యాక సూత్రధారుడు మాట్లాడతాడు. నటినో, పారిపార్శ్వికుడినో పిలిచి, ఈవేళ ఫలానా కవి రాసిన ఫలానా నాటకం ఆడబోతున్నాం అని సభకు చెప్తాడు. కొందరు కవులు తమ ఊరు, వంశం, తండ్రి పేరు కూడా అతనిచేత చెప్పించుకుంటారు. భవభూతి అయితే తాతముత్తాతల దాకా వెళ్తాడు. మన సినిమాల్లో టైటిల్ కార్డు చేసే పనే ఇది, కాకపోతే నోటితో.

భాసుడివి అని మనం చెప్పుకునే పదమూడు నాటకాల్లో ఈ కార్డు పడదు. వాటిలో చాలావాటి మొదట్లో ఒకే తంతు జరుగుతుంది. సూత్రధారుడు వస్తాడు, సభకు నమస్కరిస్తాడు, ఏదో విన్నవించబోతాడు. సరిగ్గా అప్పుడే తెర వెనక ఏదో చప్పుడు. అదేమిటో చూసొస్తానని అటు తిరుగుతాడు. చప్పుడు చేసింది యుద్ధభూమిలో సైనికులో, ఆశ్రమంలో జనాన్ని పక్కకు తోస్తున్న రాజభటులో అయి ఉంటారు. ఆ వివరం చెప్పి అతను వెళ్ళిపోతాడు, కథ మొదలైపోతుంది. కవి పేరు చెప్పాల్సిన చోటు అలాగే ఖాళీగా మిగిలిపోతుంది.

ఆ ఖాళీలో ‘భాసుడు’ అన్న పేరు రాసి ఇప్పటికి నూరేళ్ళు దాటింది. రాసింది ఎవరు, ఏ ధైర్యంతో రాశారు, అది నిలబడుతుందా అన్నది ఈ వ్యాసం. షేక్‌స్పియర్ నాటకాలు నిజంగా షేక్‌స్పియరే రాశాడా అన్న గొడవ మనలో చాలామందికి తెలుసు. కానీ అక్కడ పేరుంది, బాప్తిస్మం రికార్డు ఉంది, వీలునామా ఉంది, అచ్చయిన పుస్తకం మీద బొమ్మ కూడా ఉంది. ఇక్కడ సమస్య దానికి తిరగేసిన రకం. ఒక పక్క పేరు మాత్రమే మిగిలిన కవి, ఇంకో పక్క పేరు లేకుండా మిగిలిన నాటకాలు. వీళ్ళిద్దరికీ పెళ్ళి చేసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు.

ముందు పేరు సంగతి. భాసుడనే నాటకకర్త ఉన్నాడనడంలో అనుమానం లేదు. సాక్షి సామాన్యుడు కాదు, కాళిదాసు. ‘మాళవికాగ్నిమిత్రం’ మొదట్లో పారిపార్శ్వికుడు సూత్రధారుడిని నిలదీస్తాడు: భాసుడు, సౌమిల్లుడు, కవిపుత్రుడు లాంటి పేరున్నవాళ్ళుండగా ఈ కొత్తవాడు కాళిదాసు నాటకం ఎందుకు? పాతదైనంత మాత్రాన మంచిదీ కాదు, కొత్తదైనంత మాత్రాన చెడ్డదీ కాదు అని జవాబు. అంటే కాళిదాసు కుర్రకవిగా ఉన్న రోజుల్లో దాటాల్సిన పెద్దపేరు భాసుడిది. ఆ ముగ్గురిలో సౌమిల్లుడి నాటకం గానీ కవిపుత్రుడి నాటకం గానీ మనకు దక్కలేదు.

ఏడో శతాబ్దంలో బాణుడు ‘హర్షచరితం’లో భాసుడిని తలుచుకుంటాడు. సూత్రధారుడితో మొదలయ్యే నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నాడని, ఆ నాటకాలను దేవాలయాలతో పోలుస్తూ చెప్తాడు. ఎనిమిదో శతాబ్దంలో ప్రాకృత కావ్యం ‘గౌడవహో’ రాసిన వాక్పతిరాజు ఆయన్ని అగ్నికి స్నేహితుడు అంటాడు. సుమారు 900 ప్రాంతపు రాజశేఖరుడి పేరుమీద ఒక శ్లోకం ‘సూక్తిముక్తావళి’ అనే సంకలనంలో నిలిచింది. పరీక్షించడానికి భాసుడి నాటకాలను విమర్శకులు నిప్పులో వేస్తే ‘స్వప్నవాసవదత్తం’ మాత్రం కాలలేదని దాని భావం.

ఈ అగ్నిపరీక్ష కథను కొందరు నిజంగా జరిగిన సంఘటనలా రాస్తుంటారు. నాకది చమత్కారంలా కనిపిస్తుంది. నాటకం కథ గుర్తు చేసుకోండి. వత్సరాజు ఉదయనుడికి మగధరాజు చెల్లెలు పద్మావతితో పెళ్ళి చేస్తే తప్ప పోయిన రాజ్యం తిరిగి రాదు. రాజుకేమో వాసవదత్త మీద ప్రాణం, రెండో పెళ్ళికి ఒప్పుకోడు. అందుకని మంత్రి యౌగంధరాయణుడు, లావాణకం అనే ఊరు తగలబడినప్పుడు రాణి ఆ మంటల్లో కాలిపోయిందని పుకారు పుట్టిస్తాడు. నిజానికి వాసవదత్త కాలిపోలేదు, మారుపేరుతో పద్మావతి దగ్గరే ఉంటుంది. నిప్పు వాసవదత్తను కాల్చలేదు, నిప్పు ‘స్వప్నవాసవదత్తా’న్నీ కాల్చలేదు. రాజశేఖరుడి మాటలో గడుసుతనమంతా ఇదే. ఇందులోంచి భాసుడి జీవితానికి సంబంధించిన వాస్తవం ఒక్కటి కూడా పిండలేం.

అంతే. ఆయన ఊరు తెలీదు, కాలం తెలీదు, ఏ రాజు దగ్గర ఉన్నాడో తెలీదు. పుస్తకాలూ లేవు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికి భాసుడంటే ఇతరుల పొగడ్తల్లో మాత్రమే బతుకుతున్న మనిషి.

ఇప్పుడు నాటకాల సంగతి. 1908లో తిరువాన్కూరు సంస్థానం సంస్కృత తాళపత్రాలను వెతికి అచ్చు వేయించడానికి ఒక శాఖ పెట్టింది. దాని బాధ్యత టి. గణపతి శాస్త్రిది (1860–1926). 1909 ప్రాంతంలో పద్మనాభపురం దగ్గర మణలిక్కర మఠంలో ఆయనకు ఒక తాటాకుల కట్ట దొరికింది. మలయాళ లిపి, 105 ఆకులు. అందులో పది నాటకాలు పూర్తిగా, పదకొండోది అసంపూర్తిగా ఉన్నాయి. తర్వాత ఇంకోచోట ‘ప్రతిమ’, ‘అభిషేకం’ దొరికాయి. మొత్తం పదమూడు. దేనిలోనూ కవి పేరు లేదు.

ఆ రోజుల ఉత్సాహం ఊహించుకోవాలి. మైసూరులో శ్యామశాస్త్రికి అర్థశాస్త్రం దొరికి, 1909లో అచ్చయింది. మధ్య ఆసియాలో తుర్ఫాన్ దగ్గర దొరికిన ముక్కల్లోంచి బౌద్ధకవి అశ్వఘోషుడి నాటకాల శకలాలను జర్మన్ పండితుడు ల్యూడర్స్ 1911లో ప్రకటించాడు. పోయాయనుకున్న పుస్తకాలు ఒక్కొక్కటే లేచి వస్తున్న కాలం అది. అశ్వఘోషుడి విషయంలో అదృష్టం ఏమిటంటే, చిరిగిపోయిన ముక్కల్లో కూడా చివరి గద్య మిగిలింది, అందులో కవి పేరుంది. గణపతి శాస్త్రికి చేతిలో నాటకాలు నిండుగా ఉన్నాయి, పేరు లేదు.

ఆయన 1912లో ‘స్వప్నవాసవదత్తం’తో అచ్చు మొదలుపెట్టాడు. పేరెలా తెచ్చాడంటే, ఆయన వాదన కొక్కెం మీద కొక్కెం తగిలించిన గొలుసు. ఒకటి: దొరికినవాటిలో ఒక నాటకం పేరు ‘స్వప్నవాసవదత్తం’. రెండు: ఆ పేరుగల నాటకం భాసుడిదని రాజశేఖరుడు చెప్పాడు. మూడు: మిగతా పన్నెండూ దీనికి తోబుట్టువుల్లా ఉన్నాయి. అన్నీ సూత్రధారుడి ప్రవేశంతోనే మొదలవుతాయి, బాణుడు చెప్పిందీ అదే. ‘ప్రస్తావన’ అనాల్సిన చోట సాధారణంగా ‘స్థాపన’ అని ఉంటుంది. మొదటి శ్లోకంలోనే పాత్రల పేర్లు ఇమిడ్చే అలవాటు కొన్నింటిలో ఉంది. చివరి ఆశీర్వాదంలో ‘రాజసింహుడు’ ఈ భూమిని ఏలాలన్న కోరిక మాటిమాటికీ వస్తుంది. ఒకే రకం వాక్యాలు ఒక నాటకంలోంచి ఇంకో నాటకంలోకి నడిచిపోతుంటాయి. పాణిని ఒప్పుకోని ప్రయోగాలున్నాయి. రంగం మీద చావు చూపించకూడదన్న నియమాన్ని పట్టించుకోరు. వాలి, దశరథుడు, దుర్యోధనుడు ప్రేక్షకుల ముందే చనిపోతారు. కాబట్టి అన్నీ ఒకే చేతివి, ఆ చెయ్యి భాసుడిది.

వినడానికి బాగుంది. లోకం కూడా మొదట బాగానే విన్నది. కీత్ 1924లో తన సంస్కృత నాటక చరిత్రలో ఇవి భాసుడివేనని ఒప్పుకుని ఆయన్ని సుమారు క్రీ.శ. 300 దగ్గర పెట్టాడు. గణపతి శాస్త్రి మాత్రం ఇంకా చాలా వెనక్కి, కౌటిల్యుడికన్నా ముందుకు తీసుకెళ్ళాడు. కారణం, ‘ప్రతిజ్ఞాయౌగంధరాయణం’లోని ఒక శ్లోకం అర్థశాస్త్రంలోనూ ఉంది. కౌటిల్యుడు భాసుడి దగ్గర తీసుకున్నాడని ఆయన వాదన. భాసుడే కౌటిల్యుడి దగ్గర తీసుకుని ఉండొచ్చు కదా? లేదా ఇద్దరూ అప్పటికే జనం నోళ్ళలో ఉన్న శ్లోకాన్ని వాడుకుని ఉండొచ్చు కదా? ఒక శ్లోకం రెండుచోట్ల ఉందంటే రెండుచోట్ల ఉందనే అర్థం. ఏది ముందన్నది శ్లోకం చెప్పదు.

ఇక గొలుసులో కొక్కేలు ఒక్కొక్కటే ఊడటం మొదలైంది.

సూత్రధారుడితో మొదలవడం భాసుడి సొంత ముద్ర అన్నారు. కానీ పల్లవరాజు మహేంద్రవర్మ రాసిన ‘మత్తవిలాస ప్రహసనం’ కూడా అలాగే మొదలవుతుంది. దాన్ని అచ్చువేసింది కూడా గణపతి శాస్త్రే! కేరళ కవి శక్తిభద్రుడి ‘ఆశ్చర్యచూడామణి’ కూడా అంతే. ఈ రెండింటిలో కవి పేరుంది. ‘భగవదజ్జుకం’లో సూత్రధారుడు మొదలుపెడతాడు, కవి పేరు చెప్పడు. అంటే ఇది ఒక కవి అలవాటు కాదు, దక్షిణాదిలో నాటకప్రతులు రాసుకున్న పద్ధతి. ప్రాకృతం పాతగా ఉంది కాబట్టి నాటకాలూ పాతవే అన్నారు. దక్షిణాది ప్రతుల్లో ఇతర నాటకాల ప్రాకృతం కూడా పాతగానే కనిపిస్తుందని తేలాక ఆ వాదం బలం తగ్గింది.

ఇంకో గట్టి దెబ్బ పాత అలంకారికుల దగ్గరనుంచి వచ్చింది. అభినవగుప్తుడు ‘స్వప్నవాసవదత్తం’లోదంటూ ఒక శ్లోకం ఉదాహరిస్తాడు. అది ఇప్పుడు మన చేతిలో ఉన్న ప్రతిలో లేదు. పన్నెండో శతాబ్దపు ‘నాట్యదర్పణం’ భాసుడి పేరు, నాటకం పేరు రెండూ చెప్పి మరీ ఇంకో శ్లోకం ఇస్తుంది. శేఫాలికా వనంలో నలిగిన పూలు, ఇంకా వెచ్చగా ఉన్న రాతి అరుగు చూసి, ఎవరో ఇప్పటిదాకా ఇక్కడ కూర్చుని నన్ను చూసి లేచి వెళ్ళిపోయారు అని ఉదయనుడు అనుకునే సందర్భం. ఆ శ్లోకమూ మన ప్రతిలో లేదు. కానీ, ఇక్కడే ఆగాలి, ఆ శేఫాలికా వనం ఉంది. ఆ రాతి అరుగూ ఉంది. నాలుగో అంకంలో పద్మావతి, వాసవదత్త అక్కడ తిరుగుతుండగా రాజు వస్తాడు, ఆడవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. శ్లోకం సరిగ్గా అతికే చోటు ఉంది, శ్లోకం మాత్రం లేదు. పదకొండో శతాబ్దంలో భోజుడు ‘శృంగారప్రకాశం’లో ఆ నాటకంలోని ఒక ఘట్టాన్ని తన మాటల్లో చెప్తాడు. పద్మావతికి ఒంట్లో బాగాలేదని ఉదయనుడు సముద్రగృహానికి వెళ్ళడం, అక్కడ కల. అది మన ఐదో అంకంతో సరిపోతుంది.

ఈ సాక్ష్యాన్ని ఎవరికి వాళ్ళు తమ పక్షానికి లాక్కున్నారు. శ్లోకాలు లేవు కాబట్టి ఇది భాసుడి నాటకం కాదన్నారు ఒకరు. సన్నివేశం ఉంది కాబట్టి అదే నాటకం, లేఖకులు శ్లోకాలు వదిలేశారన్నారు ఇంకొకరు. నాకు మాత్రం, తాతగారి ఇంటిని వాటాలుగా విడగొట్టి, గోడలు మార్చి, కొన్ని కిటికీలు మూసేశాక కూడా ఇది ఆ ఇల్లే అని గుర్తుపట్టగలిగే పరిస్థితి కనిపిస్తుంది. పునాది పాతది. మరమ్మతులు ఎవరివి?

దీనికి జవాబు కేరళలోనే ఉంది. కె. రామ పిషారోటి, ఎ. కృష్ణ పిషారోటి, సి. కున్హన్ రాజా లాంటి పండితులు ఒక మాట గట్టిగా అన్నారు: ఈ నాటకాలు కూడియాట్టం ఆడే చాక్యార్ల రంగప్రతులు. కూడియాట్టం కేరళ దేవాలయాల్లో శతాబ్దాలుగా నడుస్తున్న సంస్కృత నాటక ప్రదర్శన. చాక్యార్లు నటులు, నంబియార్లు మిళావు వాయిస్తారు, నంగ్యార్లు స్త్రీపాత్రలు ధరిస్తారు. వాళ్ళు నాటకం మొత్తం ఒక్కసారిగా ఆడరు, ఒక్కో అంకాన్ని రోజుల తరబడి ఆడతారు. ‘ప్రతిజ్ఞాయౌగంధరాయణం’ మూడో అంకాన్ని ‘మంత్రాంకం’ అంటారు. అందులో విదూషకుడి భాగం సాగదీసి సాగదీసి మొత్తం నలభై ఒక్క రోజులు నడిచే సంప్రదాయం ఉంది. ‘అభిషేకం’లోంచి వాలివధ, తోరణయుద్ధం అంకాలు విడివిడిగా ఆడతారు.

అలా ఆలోచిస్తే ఆ మొదటి చప్పుడు వేరేగా వినిపిస్తుంది. నాటకం మొత్తం కాక ఒక్క అంకం ఆడేవాళ్ళకు, ఏటేటా అదే గుడిలో అదే జనం ముందు ఆడేవాళ్ళకు, కవి పరిచయం పెద్ద అవసరం కాదు. అవసరం లేనిది ప్రతిలోంచి రాలిపోతుంది. ఒకే వాక్యాలు అన్ని నాటకాల్లో కనపడటానికీ కవి ఒక్కడే కానక్కర్లేదు. మన సురభి కంపెనీలనో, వీధినాటకాలనో తలుచుకుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. రాజు ప్రవేశానికి ఒక మాట, దూత వచ్చినప్పుడు ఇంకో మాట, ఒక నాటకంలో పండిన డైలాగు ఇంకో నాటకంలోకి దూరడం రంగస్థలం మీద మామూలు విషయం.

‘చారుదత్తం’ కథ ఇంకా విచిత్రం. ఇది నాలుగు అంకాలే. శూద్రకుడి పది అంకాల ‘మృచ్ఛకటికం’లో మొదటి నాలుగు అంకాలతో దాదాపు అడుగడుగునా కలుస్తుంది. ‘చారుదత్తం’ ముందుదా, లేక ‘మృచ్ఛకటికా’న్ని కత్తిరించి చేసిందా? నార్వే పండితుడు మోర్గెన్‌స్టియెర్న, మన దగ్గర తర్వాత మహాభారత సంశోధిత ప్రతికి సంపాదకుడైన సుక్తంకర్, ఇద్దరూ పాఠాలు పక్కపక్కన పెట్టి చూసి ‘చారుదత్తం’ పాఠమే మొదటిదన్నారు. అందరూ ఒప్పుకోలేదు.

పోనీ శూద్రకుడైనా ఎవరో తెలుసా అంటే, అక్కడ ఇంకో వింత. ‘మృచ్ఛకటికం’ ప్రస్తావన కవిని దండిగా పరిచయం చేస్తుంది. రాజు, అందగాడు, ఋగ్వేదం సామవేదం గణితం వచ్చినవాడు, ఏనుగుల విద్య తెలిసినవాడు, శివుడి దయవల్ల చూపు తిరిగి పొందినవాడు, కొడుకుని రాజుగా చూసుకున్నవాడు, అశ్వమేధం చేసినవాడు. చివరికి నూరేళ్ళ పది రోజులు బతికి అగ్నిలో ప్రవేశించినవాడు! తన చావుని, అదీ రోజులతో సహా లెక్కగట్టి, తన నాటకంలో ఏ కవి రాసుకోగలడు? ఆ ప్రస్తావన వేరేవాళ్ళు రాసిందని చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

ఈ రెండు నాటకాలూ పక్కపక్కనే ఉండటం నాకు భలే ఆసక్తిగా ఉంటుంది. ఒకే కథ. ఒకదానికి కవి పేరే లేదు. ఇంకోదానికి నమ్మలేనంత జీవితచరిత్ర ఉంది. రెండూ మనకు కవి గురించి చెప్పేది ఒకటే: ఏమీ లేదు.

మరి ఖాళీ సంతకం ఉన్నచోట ఎవరైనా సంతకం చెయ్యాలని చూస్తారు. 1941లో సౌరాష్ట్రలోని గోండల్ నుంచి ‘యజ్ఞఫలం’ అనే రామకథా నాటకం భాసుడిదంటూ అచ్చయి బయటికొచ్చింది. చాలామంది పండితులు దాన్ని నమ్మలేదు, ఆధునిక రచన అని తీసిపారేశారు. భాసుడి శైలి ముద్రలంటూ అప్పటికి మూడు దశాబ్దాలుగా పండితులు జాబితాలు తయారుచేసి పెట్టారు కదా. జాబితా ఉంటే దాని ప్రకారం రాయడం కష్టమేం కాదు. పోలికలను మాత్రమే నమ్ముకుని ఒక కవిని గుర్తుపట్టే పద్ధతికి ఇదొక హెచ్చరిక.

ఇక ‘రాజసింహుడు’. అది ఏదో ఒక రాజు పేరైతే కాలం తేలిపోతుంది. బార్నెట్ ఇవి పాండ్యరాజుల కాలపు నాటకాలని, ఏడో శతాబ్దానివని వాదించాడు. కంచి కైలాసనాథ ఆలయం కట్టించిన పల్లవరాజు రెండో నరసింహవర్మకు రాజసింహుడన్న బిరుదుంది. 1993లో డచ్ పండితుడు టీకెన్ ఈ నాటకాలను పల్లవుల ఆస్థానంతో ముడిపెట్టి రాశాడు. అబ్బే, రాజసింహుడంటే రాజుల్లో సింహం, ఏ రాజుకైనా సరిపోయే పొగడ్త అని ఇంకో పక్షం. ఎటు చూసినా పేరుగా కనిపించేది కాసేపట్లో విశేషణమైపోతుంది.

ఇంత గొడవలో నేనెక్కడ నిలబడతానో చెప్పాలి. ‘స్వప్నవాసవదత్తం’, దాని జంట ‘ప్రతిజ్ఞాయౌగంధరాయణం’ ప్రాచీన భాసుడి నాటకాల వారసులని నేననుకుంటాను. భోజుడి సాక్ష్యం, నాట్యదర్పణం చెప్పిన ఆ వెచ్చటి రాతి అరుగు, ఈ రెండూ కలిస్తే ‘స్వప్నవాసవదత్తం’ విషయంలో కాదనడం కష్టం. ‘ప్రతిజ్ఞ’లోని నకిలీ ఏనుగు ఉపాయాన్ని భామహుడు కవి పేరెత్తకుండానే వెక్కిరించాడు. ఏనుగుల విద్య తెలిసిన ఉదయనుడు ఉత్తుత్తి ఏనుగును పోల్చుకోలేకపోయాడా అని. కాబట్టి ఆ ఘట్టం కూడా పాతదే. మిగతా పదకొండూ అదే కవివి అనడానికి మాత్రం నాకు ఆధారం చాలదు. ఒకే రంగస్థలం మీద పెరిగినవి, ఒకే తాళపత్రాల కట్టలో పడుకున్నవి. తోబుట్టువుల్లా ఉండటానికి ఒకే ఇంట్లో పెరిగినా చాలు, ఒకే తండ్రి అక్కర్లేదు.

అయితే ఏమిటట, ఎవరు రాస్తే ఏంటి, నాటకం బాగుందా లేదా అని అడగొచ్చు. నేను ఆ మాటతో సరిపెట్టుకోలేను, ఎందుకంటే పేరు చాలా పనులు చేసింది. భాసుడి పేరు లేకపోతే 1912 తర్వాత ఈ నాటకాలను ప్రపంచం ఇంత ఆత్రంగా చదివేది కాదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం వీటిని తెలుగు చేశారు. ఆయన్ని ఆకర్షించినవాటిలో కాళిదాసుకు ముందువాడన్న గౌరవం కూడా ఉండే ఉంటుందనుకుంటాను. సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్‌గా చదివినవాళ్ళకి పాఠంలో మొదట తగిలేది కూడా కవి పరిచయమే. పేరు లేని కేరళ రంగప్రతులు అని అట్ట మీద వేస్తే వీటిలో ఎన్ని పాఠ్యపుస్తకాల్లోకి చేరేవి?

పేరు ఇంకోపని కూడా చేసింది. ఒక మహాకవికి కిరీటం పెట్టడంలో, ఆ తాటాకులను చెదలు పట్టకుండా, మాట మరిచిపోకుండా, తరంనుంచి తరానికి చేరవేసినవాళ్ళను వెనక్కి తోసింది. వాదనల్లో చాక్యార్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నిందలాగే వస్తుంది. వాళ్ళు కత్తిరించారు, వాళ్ళు చెడగొట్టారు, వాళ్ళు కలిపారు. ఉత్తరాదిలో వీటి ప్రతులు నిలవలేదు. భాసుడిని నెత్తిన పెట్టుకున్న బాణుడి దేశంలో, రాజశేఖరుడి దేశంలో పోయినవి, ఆడుకున్నవాళ్ళ దగ్గర మిగిలాయి. పొగడ్త పేరును కాపాడింది, ఆట నాటకాన్ని కాపాడింది. 2001లో యునెస్కో కూడియాట్టాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. భాసుడి పుస్తకం అట్ట మీద మాత్రం ఇప్పటికీ వాళ్ళ ఊసుండదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక్కరే రాశారన్న నమ్మకం ఈ నాటకాల్లోని తేడాలను మనకు కనపడనివ్వదు. మహాభారత నాటకాలనే తీసుకోండి. ‘పంచరాత్రం’లో దుర్యోధనుడు ద్రోణుడికి గురుదక్షిణగా ఇచ్చిన మాటకు కట్టుబడి పాండవులకు సగం రాజ్యం ఇచ్చేస్తాడు, కురుక్షేత్రం అవసరమే ఉండదు. ‘ఊరుభంగం’లో ఆ దుర్యోధనుడే తొడలు విరిగి, నేలమీద పాకుతూ, ముసలి తల్లిదండ్రులకు నమస్కారం పెట్టడానికి కూడా లేవలేడు. చిన్న కొడుకు దుర్జయుడు వచ్చి అలవాటుగా ఒళ్ళో కూర్చోబోతాడు. వద్దని వారించాల్సి వస్తుంది తండ్రికి. పగ తీరుస్తానంటున్న అశ్వత్థామను కూడా వద్దంటాడు. ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ దుర్యోధనుడికి చప్పట్లు కొట్టిన జాతికి ఈ దుర్యోధనుడు పరాయివాడు కాదు. ‘మధ్యమవ్యాయోగం’లో ఘటోత్కచుడు తండ్రి అని తెలీక భీముడితో తలపడతాడు. ఆ కథ వ్యాసభారతంలో లేదు. ‘మాయాబజార్’ కథ కూడా వ్యాసుడిలో లేదు కదా. ‘ప్రతిమ’లో భరతుడు ఊరి బయట విగ్రహాలున్న మందిరంలోకి వెళ్ళి, చనిపోయిన పూర్వీకుల వరసలో దశరథుడి బొమ్మ చూసి, తండ్రి పోయాడని తెలుసుకుంటాడు. ఆ నాటకంలో కైక పద్నాలుగు రోజులు అనబోయి నోరుజారి పద్నాలుగేళ్ళు అన్నానంటుంది.

ఇతిహాసాన్ని ఇంత చనువుగా చేతిలోకి తీసుకున్నవాళ్ళు ఒక్కరే అయితే ఆయన మేధావి. నలుగురైతే, అలా తీసుకోవచ్చు అని నమ్మిన ఒక నాటక లోకమే ఉండేదన్నమాట. నాకు రెండోదే పెద్ద విశేషంగా తోస్తుంది. వ్యాసుడు చెప్పని మాట దుర్యోధనుడిచేత చెప్పించడానికి ఆ రోజుల్లో మహాకవి అయివుండక్కర్లేదు, నాటకం ఆడే పదిమందిలో ఒకరైతే చాలు.

అందుకే భాసుడి పేరు చెరిపెయ్యమని అనను. ‘స్వప్నవాసవదత్తం’ మీద ఆ పేరు ఉండనివ్వండి, దాని కింద చాక్యార్ల పాఠం అని ఒక ముక్క చేర్చండి. మిగతావాటి మీద ‘తిరువనంతపురం నాటకాలు’ అని వేసినా వాటి విలువేం తగ్గదు. దుర్జయుడు తండ్రి ఒళ్ళోకి ఎక్కబోయే చోట ఎవరు రాశారో తెలీకపోయినా గొంతు పట్టేస్తుంది. అది రాసినవాళ్ళు తమ పేరు ఎందుకు వదిలేశారో, లేక ఎవరు తీసేశారో, తాటాకులు చెప్పవు. వాళ్ళు మాత్రం భాసుడు కాకపోయినా మనం వెతకాల్సినవాళ్ళే.